కడగని పక్క

మా మేనకోడలు ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత కుంచెతో రైలు పెట్టె మరుగుదొడ్డి కింద మరకలు దిద్దుతుంటే చూసి, నాకు అప్పుడే తాగిన టీ గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది.

పెట్టె ఎంతని? జానెడు కన్నా కాస్త ఎక్కువ. కిటికీలు గోరంత. కానీ మరక మాత్రం అచ్చు మరకే. పైన చిక్కగా మొదలై, కిందికి పల్చబడుతూ, బండి పరిగెత్తే దిక్కుకి వెనగ్గా వాలి ఉంది. ముప్ఫై రెండేళ్ళు ఆ మరకల్ని పొడుగు కర్ర బ్రష్షుతో గీకినవాణ్ణి. చూడగానే వాసన కూడా వచ్చేసింది.

"ఏవే పిచికా, నీకు రోత పుట్టదూ?"

"రంగే కదా మావయ్యా."

"అది నీకు తెలుసు. నా ముక్కుకెవరు చెప్పాలి?"

అది నవ్వింది గానీ చెయ్యి కదల్లేదు. చిన్నప్పుడు ఎక్కడా కుదురుగా కూర్చునేది కాదని దానికి పిచిక అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు.

దాని పని రైలు బొమ్మలకి రంగులు వెయ్యడం. బొమ్మలంటే పిల్లలు ఈడ్చుకెళ్ళేవి కావు. ముసలాళ్ళు గాజు బీరువాలో పెట్టుకుని, పిల్లలొస్తే తాళం వేసేవి. పాతబడ్డవి తెచ్చిస్తారు. ఇది వాటిని స్పిరిట్‌లో నానేసి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది రంగు ఊడదీస్తుంది. బూడిదరంగు పూత ఒకటి వేసి, దాని మీద గాలితో చిమ్మే గొట్టంతో అసలు రంగు కొడుతుంది. పట్టుకునే కడ్డీలూ, దీపాలూ, అంకెలూ అతికిస్తుంది. అంతా అయ్యాక, బండి తళతళలాడుతూ పెళ్ళికూతురిలా కూర్చున్నాక, అప్పుడు మొదలెడుతుంది మురికి చెయ్యడం! తుప్పు, మసి, నూనె జిడ్డు, కిటికీ కింద వాంతి చారలు. నేను మురికి వదిలిస్తే బాగుందన్న మనిషి ముప్ఫై రెండేళ్ళలో ఒక్కడు లేడు. ఇది మురికి పూస్తే "ఆహా, ఏం పనితనం!" అంటూ ఉత్తరాలు రాస్తారు. లోకానికి నెత్తి మీద కళ్ళున్నాయంటే నేను నమ్ముతాను.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఒకరోజు చాక్లెట్ ముక్క వేళ్ళతో నలిపి, ఆ పెట్టె మరుగుదొడ్డి కింద పట్టాల మీద పెట్టాను. మా అక్క గదిలోకి రాగానే, "అక్కా, మీ అమ్మాయి పనితనం చూడు, అసలుదే తెచ్చి పెట్టింది," అని దాన్ని వేలితో తీసి నోట్లో వేసుకున్నాను.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని సింకు దాకా పరిగెత్తింది. వచ్చాక నా వీపు మీద చీపురు తిరగేసింది. "ఒరేయ్! అరవయ్యేళ్ళు దాటాయిరా నీకు! రిటైరైన మనిషివిరా!"

"రిటైరైంది నేను, నా నాలిక కాదు."

నవ్వులకేం గానీ, ఆ ఇంట్లో ఒక దిగులుంది. పిచిక పనంతా వంటగది పక్క వసారాలో, బట్టలు ఉతికే మిషనుకీ గోడకీ మధ్య బల్ల మీద. స్పిరిట్ వాసన, రంగు వాసన మెట్ల దాకా పోతాయి. పైవాళ్ళు ఇంటాయనకి చెప్పారు, ఇంటాయన మా అక్కకి చెప్పాడు. నెలాఖరు దాకా చూస్తాడట, ఆ తర్వాత ఆ గొట్టం శబ్దం వినపడితే ఇల్లు ఖాళీ చెయ్యాలట. పిచిక కూడా సాయంత్రానికి కణతలు నొక్కుకుంటోంది.

రైల్వే మ్యూజియంలో నమూనాల గది ఒకటుంది. అక్కడ బొమ్మలు బాగుచేసే మనిషి మానేశాడు. ఆ గదిలో పెద్ద కిటికీ, వాసన బయటికి లాగే ఫ్యాను, మనిషి పడుకునేంత బల్ల. పిచిక ఒకసారి చూసొచ్చి ఆ ఫ్యాను గురించి చెప్పిన తీరుకి, పెళ్ళికొడుకేమో అనుకున్నాను. ఆ ఉద్యోగం దీనికివ్వాలంటే కమిటీ పెద్ద సంతకం పెట్టాలి. ఆ పెద్దాయన, "ముందు నాకో బండి చేసి చూపించు. అయిదు పెట్టెలు. నా హయాంలో నడిచిన బండి. మ్యూజియానికి నా పేరు మీద ఇస్తాను. అది నచ్చితే గది నీదే," అన్నాడు.

ఆ పెద్దాయనెవరో నాకు తెలీదు. మొదటి పెట్టె చూడ్డానికి ఇంటికొచ్చినప్పుడు తెలిసింది. తలుపు సందులోంచి చూశాను.

రుమాలు సారు!

నేను పెట్టెలు కడిగిన యార్డులో ఇన్‌స్పెక్టరు. తెల్ల రుమాలు వేలికి చుట్టుకుని, సిమెంటు దారి మీద నడుస్తూ, ప్రతి పెట్టె పట్టుకునే కడ్డీ మీదా వేలు రాసి చూసేవాడు. రుమాలు నల్లబడితే, దాన్ని మా ముఖాల ముందు ఆడించి, మాలో ఒకడి జేబులో కుక్కిపోయేవాడు. ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వాలి. నా జేబులో ఎన్నిసార్లు కుక్కాడో లెక్కలేదు.

ఇప్పుడు జుట్టు మొత్తం తెల్లబడింది గానీ, మనిషి అదే ఇస్త్రీ. పిచిక అందించిన పెట్టెని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఈ మురికేంటమ్మా?"

"పాత ఫొటోలు చూసి వేశాను సార్. మామూలుగా బండి ఇలాగే..."

"ఎవరి బండి? నా హయాంలో బండి అద్దంలా ఉండేది. అందులో ముఖం చూసుకుని తల దువ్వుకునేవాణ్ణి. ఇదంతా తీసెయ్."

పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆ మనిషి వెళ్ళాక, ఆయన కూర్చున్న కుర్చీని సబ్బు నీళ్ళతో కడిగాను. అక్క "పిచ్చెక్కిందా?" అంది. అలవాటన్నాను.

పిచిక పెట్టెని స్పిరిట్‌లో ముంచింది. పది రోజుల పని బుడగలు బుడగలుగా ఊడి గిన్నె అడుక్కి దిగింది.

"అద్దంలా ఉండేదా మావయ్యా? నువ్వక్కడే ఉన్నావుగా."

"ఉండేది. ఒక పక్క."

"అదేంటి?"

అప్పుడు చెప్పాను. బండి కడిగే లైనుకి ఒక పక్క సిమెంటు దారి, ఆఫీసర్లు నడిచేది. రెండో పక్క మా క్వార్టర్లు. ఆరుగురు మనుషులం, చేతిలో నలభై నిమిషాలు, పద్నాలుగు పెట్టెలు. మేం అడిగాం, రెండు పక్కలా కడగాలంటే ఇంకో ఆరుగుర్ని ఇవ్వండి సార్ అని. రుమాలు సారు నవ్వాడు. "అటు పక్క ఎవడు చూస్తాడోయ్? నేను నడిచే పక్క కడగండి, చాలు," అన్నాడు. అంతే. స్టేషన్లో ప్లాట్‌ఫారం కూడా అటే వచ్చేది. బండి తిరగదు, ఇంజనే ఆ చివర్నుంచి ఈ చివరికి మారుతుంది. అందుకని కడిగిన పక్క ఎప్పుడూ అదే, కడగని పక్క ఎప్పుడూ అదే. మా ఇళ్ళ వైపు పక్కన మరకల మీద మరకలు పడి పెచ్చులు కట్టేవి. ఎండాకాలం ఆ పెచ్చులు పేలిపోయి దుమ్మై లేచేవి. అప్పట్లో నా క్వార్టర్లోనే ఉండే మా అక్క వంటింటి కిటికీ అటే.

పిచిక చేతిలో పళ్ళ బ్రష్షు ఆగింది.

"నేను బళ్ళో రైలు బొమ్మకి గోధుమరంగు వేశానని టీచరు కొట్టింది, నీకు గుర్తుందా? రైలు ఆకుపచ్చ అంటుంది ఆవిడ. నేను కాదంటాను. రోజూ కిటికీలోంచి చూస్తున్నాగా!"

అప్పుడు నేనూ నవ్వాను ఆ సంగతికి. ఇప్పుడు మాత్రం ఉమ్మెయ్యాలనిపించింది. ఎవరి మీదో తెలీలేదు. కడగొద్దన్నవాడి మీదా, సరేనన్న మా ఆరుగురి మీదా?

మొదటి పెట్టె మళ్ళీ వేసి, మిగతా నాలుగూ వేసింది. తళతళా, ఆకుపచ్చగా. చూస్తుంటే నాకు ఆ మెరుపు మురికి కన్నా ఎక్కువ వెగటు పుట్టించింది. అబద్ధానికి వార్నిష్ పూసినట్టుంది. కాదు, వార్నిష్ ఇంకా పూయలేదు. అదే నాకు కలిసొచ్చింది.

తల్లీకూతుళ్ళిద్దరూ కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇల్లు నాదైంది. రుమాలు సారుకి ఒక చిన్న కానుక ఇద్దామని కూర్చున్నాను. మొదటి పెట్టెకి ఒక్క మరక. ఒకే ఒక్కటి. ఆయన ముఖం చూసుకునే చోట. పిచిక వాడే నీళ్ళలాంటి గోధుమరంగు సీసా తీసి, కుంచె ముంచి, పెట్టె నడుమ ఒక్క బొట్టు పెట్టాను.

బొట్టు కారింది. కారుతున్నది చూసి ఊరుకునే చేతులా నావి? పక్కనున్న దూదిపుల్ల ఎప్పుడు అందుకున్నానో తెలీదు, కింద నుంచి పైకి, పై నుంచి పక్కకి, గొడుగు తిప్పినట్టు తుడిచేశాను. మురికి పోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తుడిచాను. ఇందులో కాకపోతే పక్క పెట్టె మీదైనా నిలుస్తుందని అయిదూ తిరిగాను. తిట్టుకుంటూ పెట్టడం, చూసుకోకుండా తుడవడం. దూదిపుల్లల డబ్బా అయిపోయింది. అయిదు పెట్టెల మీదా ఎక్కడా మరక నిలవలేదు గానీ, ఎక్కడ చూసినా సన్నటి పొర, వంపులు వంపులుగా.

తలుపు చప్పుడైంది. పిచిక వచ్చి చూసింది. చేతిలో సంచీ అలాగే ఉంది.

"ఏం చేశావు మావయ్యా?"

"మురికి చేద్దామనుకున్నానే."

"మరి చెయ్యలేదే!"

"నా వల్ల కాలేదు. చెయ్యి వినదు."

అక్క వెనకనుంచి, "వీణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళడం మనదే బుద్ధి తక్కువ! ఇంకెంత, వారమే ఉంది బండి ఇవ్వడానికి!" అని నెత్తి కొట్టుకుంది. పిచిక భూతద్దం పెట్టుకుని పెట్టెని వెలుగులో అటూ ఇటూ వాల్చింది. నేను చీపురు ఎక్కడుందా అని చూసుకుంటున్నాను.

"మావయ్యా, ఇలాగే కడిగేవాళ్ళా? ఈ వంపు?"

"ఇంకెలా కడుగుతారు? కర్ర చివర బ్రష్షు, భుజం మీద తిప్పడం. మనిషి భుజం గుండ్రంగానే తిరుగుతుంది."

"పైన ఈ కాస్త అందేది కాదు, కదూ?"

"పొట్టోళ్ళం."

"రేకుల అతుకుల్లో మురికి ఉండిపోయేదా?"

"అది దేవుడు దిగొచ్చినా పోదు."

"కడిగిన బండి అంటే ఇదీ," అంది మెల్లిగా. "నేను వేసింది కొత్త బండి. కడిగింది కాదు."

ఆ వారమంతా అది వసారాలోంచి కదల్లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. దారి పక్క అయిదు పెట్టెల మీదా నా చేతి వంపులు ఉంచి, ఎక్కువైన చోట తీసి, తక్కువైన చోట నాచేతే వేయించి, పైన వార్నిష్ కొట్టింది. తర్వాత బండిని తిప్పింది. ఇళ్ళ పక్క. దానికి ఫొటో అడగలేదు, నన్నూ అడగలేదు. కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుని మొదలెట్టింది. మరక మీద మరక, పెచ్చు మీద పెచ్చు. మూడో పెట్టె కిటికీ కింద పసుపు చార వేస్తుంటే నేను లేచి సింకు దగ్గరికి పోయాను. అక్కని ఏడిపించినందుకు తగిన శాస్తే జరిగింది. వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

"ఇది చూపిస్తే గది పోతుందే," అన్నాను.

"తెలుసు."

"ఫ్యాను పోతుంది."

"తెలుసు మావయ్యా. ఆ డబ్బా ఇటివ్వు."

మ్యూజియంలో కొత్త హాలు తెరవడానికి మూడు రోజుల ముందు బండి తీసుకెళ్ళాం. హాలు మధ్యలో నాలుగు వైపులా అద్దాలున్న పెట్టె. మ్యూజియం మేడమ్ తాళం తీసి, "ఇక్కడ పెట్టండమ్మా, జనం చుట్టూ తిరిగి చూస్తారు," అంది. రుమాలు సారు అప్పటికే అక్కడున్నాడు. గోడకి ఆనించి ఆయన పేరున్న పలక, బల్ల మీద ఆయన పేరున్న పిలుపు కార్డుల కట్ట. పిచిక బండిని పట్టాల మీద పెట్టింది. దారి పక్క ఆయన వైపు.

ఆయన వంగాడు. ముఖం వికసించింది. తర్వాత కళ్ళు చికిలించాడు.

"ఈ గీతలేంటి?"

పిచిక నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "అవి మా చేతులు సార్."

నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు. గుర్తుపట్టలేదు. ముప్ఫై రెండేళ్ళలో ముఖం చూస్తే కదా! "ఎవరి చేతులు?"

"కడిగిన వాళ్ళవి. బ్రష్షు తిప్పిన గుర్తులు."

"అవెందుకు? తీసెయ్యి. బండి కనపడాలి గానీ చేతులు కనపడ్డమేంటి, అసహ్యంగా!"

అసహ్యంగా. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చింది. నా చెవులతో విన్నాను.

"పోవు సార్," అంది పిచిక. "వార్నిష్ కింద ఉన్నాయి. పోవాలంటే రంగంతా ఊడదియ్యాలి. రెండు వారాలు పడుతుంది."

"కార్డులు పంచేశాం సార్," అంది మేడమ్.

ఆయన పలక వైపు చూశాడు, కార్డుల వైపు చూశాడు. పళ్ళు నూరుకుని, జేబులోంచి పెన్ను తీశాడు. పిచిక ఉద్యోగం కాగితం మీద పెన్ను ఆనింది. ఇక ఊరుకోవే అని నేను పిచిక మోచెయ్యి గిల్లాను. అది నా చెయ్యి విదిలించుకుంది.

"సంతకం పెట్టేముందు రెండో పక్క కూడా చూడండి సార్."

ఆయన పెన్ను పట్టుకునే అటు తిరిగి వెళ్ళాడు. మేడమ్ కూడా వెళ్ళింది. ఆవిడ ముక్కు దానంతటదే ముడుచుకుంది. చెయ్యి ముక్కు దాకా వచ్చి ఆగింది. రంగుకి వాసనుండదని గుర్తొచ్చినట్టుంది.

రుమాలు సారు చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. కార్డులు చించుతాడనుకున్నాను. అదే కావాలని నాకుంది కూడా. ఒక మనిషికి సిగ్గేస్తే ముందు కోపం వస్తుంది కదా. ఆయనకి కోపం రాలేదు. నవ్వాడు.

"నిజమే, ఇలాగే ఉండేది. బాగానే గుర్తుపెట్టుకున్నారే! అయినా అటు పక్క ఎవడు చూస్తాడోయ్? ఈ అద్దాల పెట్టెని ఆ గోడకి జరిపెయ్యండి, ఈ పక్క గోడకి వస్తుంది. సరిపోతుంది."

చక్కగా సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టుకున్నాడు. నా వైపు వేలు చూపించి, "ఏవోయ్, ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు.

"అలాగే సార్."

అన్నది నేనే. నా నోరే. చెప్పులో రాయిని భరించొచ్చు, చెవిలో జోరీగని భరించొచ్చు. సొంత నోట్లోంచి ఊడిపడ్డ ఆ రెండు మాటల్ని ఎలా భరించేది? మాటతో ఆగిందా? నా చేతులు కూడా అద్దాల పెట్టె అంచు పట్టుకున్నాయి. బుర్ర వద్దంటోంది, చేతులు జరుపుతున్నాయి. అంత రోత ఏ మరుగుదొడ్డి కింద దూరినప్పుడూ నాకు కలగలేదు.

"ముట్టుకోకు మావయ్యా!"

పిచిక అరుపుకి హాలు మారుమోగింది. నా మణికట్టు పట్టుకుంది.

"కదిపితే మొత్తం పోతుంది. ఆ పక్క రంగు ఇంకా ఆరలేదు."

ఆరడమా! మొన్న పొద్దున్నే బొటనవేలితో రుద్ది చూశాను. గీకినా రాలేదు. నేను పిచిక ముఖం వంక చూశాను. కళ్ళు అమాయకంగా, ముఖం చెక్కు చెదరకుండా, అచ్చం చాక్లెట్ నోట్లో వేసుకున్నప్పటి నా ముఖంలా ఉంది.

"ఎప్పటికి ఆరుతుంది?" అన్నాడు రుమాలు సారు.

"చెప్పలేం సార్. నూనె రంగు, మందంగా వేశాను. నెలలు పడుతుంది. మధ్యలో కదిలిస్తే మీ వైపు పూతకి కూడా పగుళ్ళొస్తాయి."

"అయితే ఉన్నచోటే ఉండనిద్దాం," అంది మేడమ్. చేతిలో తాళంచెవి పిచిక చేతిలో పెట్టింది. "ఆరాక నువ్వే చెప్పమ్మా. ఇకనుంచి ఈ పెట్టె బాధ్యత నీదేగా."

ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా నడిచింది దారి పక్కనుంచే.

నేను అట్టముక్క అడిగి, నాకొచ్చిన నాలుగు అక్షరాలతో "రంగు ఆర లేదు ముటుకో వదు" అని రాసి ఆ పక్క పెట్టాను. మేడమ్ తప్పులు దిద్దబోతే పిచిక వద్దంది.

దానికి గది వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, కణతలు నొక్కుకోవడం మానేసింది, అక్క వసారాలో బట్టలు ఆరేసుకుంటోంది. సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను, ఎవరైనా అడిగితే. కానీ నెలకోసారి మ్యూజియానికి పోతాను. జనం కడిగిన పక్క నిలబడి ఫొటోలు దిగుతారు. తర్వాత తిరిగి ఇటొస్తారు, ముఖం చిట్లిస్తారు, నా అట్టముక్క చదువుతారు. "ఛీ, ఇలా ఉంచారేంటి?" అంటారు. పక్కనే నిలబడి నేనూ అంటాను, "ఛీ" అని. ఆ మాట నేను ఎవర్నంటున్నానో వాళ్ళకి చెప్పను.

పిచిక గది తలుపులోంచి తల బయటపెట్టి అడుగుతుంది, "ఆరిందా మావయ్యా?"

"ఎక్కడే! పచ్చిగానే ఉంది," అంటాను.